నిప్పు దాటిన పిమ్మట

చార్మినారును వెనుక విడిచి, మక్కా మసీదు ప్రక్కగా సాగి, చౌమహల్లా ప్రాసాదపు గోడ చాయలను పడమటికి నడచు బాటసారికి హుస్సేనీ ఆలం వచ్చినదని మొదట చెప్పునది కన్ను గాదు, ముక్కు. చలికాలపు వేకువను, వీధిదీపములు ఇంకను ఆరకమునుపే, రాత్రి తెల్లవార్లు సన్నని సెగపై మరగిన నహారీ దేగ్‌ల మూతలు లేచును. లవంగము, దాల్చినచెక్క, ఎముకల మూలుగు కలిసిన ఆ గంధము సందుగొందులన్నిటను వ్యాపించును. ప్రక్కనే ఇరానీ చాయ్ కాగుచుండును. తందూరులో కుల్చాలు కాలుచుండును. తెలుగు పల్లెలలో మనము పీరు అనుదానినే ఈ నగరమువారు ఆలము అందురు. అట్టి ఆలము పేరిట వెలసిన ఈ పేటలో ముహర్రము నాడు నల్లని వస్త్రముల ఊరేగింపులు, రంజాను నెలలో హలీము భట్టీలు, తక్కిన దినములలో తోపుడుబండ్లు, ఆటోలు, బడిపిల్లలు, మహిళా కళాశాలకు పోవు యువతులు, ఇన్నింటి నడుమ తినుటయు తినిపించుటయు నిత్యోత్సవమువలె జరుగుచునే యుండును.

"పాతబస్తీల తింటే కడుపు ఖరాబైతది" అని మూసీకి ఆవలి ఒడ్డున నివసించు మిత్రులు కొందరు నన్ను తరచుగా హెచ్చరించుచుందురు. ఆ హెచ్చరికలో సత్యము లేకపోలేదు గాని, వారు వేలు చూపు చోటు తప్పు. రాత్రియంతయు మరగి, సెగమీదనుండియే గిన్నెలోనికి వచ్చిన నహారీవలన కడుపు చెడుట అరుదు. పొగలు గ్రక్కుచు వచ్చిన చాయ్ సంగతియు అంతే. తందూరు గోడను అంటుకొని కాలిన రొట్టె గూర్చి చెప్పనేల? అగ్నిని పావకుడనిన మన పూర్వులు ఈ విషయమున నేటి శాస్త్రజ్ఞులకంటె వెనుకబడినవారు కారు. భయపడవలసినది నిప్పుమీదనున్న వస్తువునకు గాదు, నిప్పు దాటిన పిమ్మట దానిని తాకు వస్తువులకు. నహారీపై చల్లు పచ్చి కొత్తిమీరకు, కోసి రెండు గంటలైన ఉల్లిచక్రములకు, నిమ్మబద్దకు, గిన్నెకు, గ్లాసుకు, అన్నింటికంటె మిన్నగా చేతికి మనము భయపడవలెను.

ఒకనాటి ఉదయము అచటి ఒక చిన్న హోటలులో కూర్చుండి, చాయ్ చల్లారువరకు, బల్లలవద్ద తిరుగు ఒక యువకుని కుడిచేతిని మాత్రమే చూచుచుంటిని. ఆ చేయి తడిగుడ్డతో బల్ల తుడిచినది. ఆ గుడ్డను భుజముపై వేసినది. ఎవరో ఇచ్చిన నోటు పుచ్చుకొని చిల్లర లెక్కించినది. నుదుటి చెమట తీసినది. నాలుగు ఎంగిలి గ్లాసులలో నాలుగు వ్రేళ్ళు దూర్చి ఒక్కమారుగ లేపి, బకెట్టులోని బూడిదరంగు నీటిలో రెండు ముంపులు ముంచి, వానినే మరల వరుసగా పేర్చినది. పిదప ఉల్లిముక్కలు చిటికెడు తీసి పళ్ళెములో పెట్టినది. ఇదంతయు జరుగుటకు పట్టినది రెండు నిమిషములు. ఆ యువకుని నేను నిందింపను. అతడు చురుకైనవాడు, మర్యాదస్థుడు. అతడు నిలిచిన చోటినుండి నల్లా పదునైదడుగుల దూరమున, వెనుక గల్లీలో నున్నది. దినమునకు నూరుమార్లు ఆ పదునైదడుగులు పోయి వచ్చిన, బల్లలవద్ద గిరాకీ నిలువదు.

కలరా, టైఫాయిడ్, జిగట విరేచనములు, పచ్చకామెరలలో రెండు తెగలు, పసిబిడ్డలను ఒక్క దినములో వాడబెట్టు రోటావైరసు, ఒక్క రాత్రిలో ఇంటిల్లిపాదిని వాంతులతో మంచము పట్టించు నోరోవైరసు, ఇవి పేరులందును రూపములందును వేరైనను పోవు బాట మాత్రము ముఖ్యముగా ఒక్కటే: ఒకరి మలమునుండి మరొకరి నోటికి. మర్యాదకై మనమీ మాటను పైకి అనము. "నీరు పడలేదు", "తిండి తేడా చేసినది", "దిష్టి తగిలినది" అని చెప్పుకొని ఊరకుందుము. అసలు మాట మరుగుపడుటచేత అసలు బాటయు మరుగుపడును. వీనిలో ఒక్కొక్కదాని స్వభావము ఒక్కొక్క తీరు. కలరా క్రిమి ఆరోగ్యవంతుని కడుపులోని ఆమ్లమును దాటి నిలువవలెనన్న కోట్లకొలది ఒక్కమారే రావలెను. కావుననే అది పెక్కుమారులు నీటివెంట, దండువలె వచ్చును. జిగట విరేచనములను కలిగించు షిగెల్లాకు అంత సేన అక్కరలేదు. పదినుండి వంద క్రిములు చాలును. అంతటి స్వల్పసంఖ్య గోటిసందులో, కంటికి గోచరింపని తడిలో సుఖముగ ఇముడును. చూపునకు శుభ్రముగ నున్న చేయి నిజముగ శుభ్రమైనదను నమ్మకము నాకు ఆ హోటలు ఉదయమునుండి పోయినది.

కుడిచేయి భోజనమునకు, ఎడమచేయి శౌచమునకు అని మన పెద్దలు, హిందువులుగాని ముసల్మానులుగాని, చేతులకు పని విభజించిపెట్టిరి. ఆ విభజన వెనుక నున్న వివేకమును నేను తక్కువ చేయను. అయినను ఎడమచేతిని కడుగునది కుడిచేయియే గదా! మడి కట్టుకొను ముత్తవ్వయు, దినమునకు ఐదుమార్లు వజూ చేయు వృద్ధుడును నీటి విషయమున మనకంటె శ్రద్ధాళువులు. కాని ఆ రెండు ఆచారములును సబ్బు ఇంటింటికి రాకమునుపు ఏర్పడినవి. క్రిములు చర్మముపై నున్న జిడ్డుపొరలో చిక్కుకొని యుండును; ఒట్టి నీరు ఆ జిడ్డుపైనుండి జారిపోవును. సబ్బు జిడ్డును విడదీయును, రాపిడి దానిని లేపును, పారు నీరు కొనిపోవును. ఈ మూడింటిలో ఏది లోపించినను పని సగమే. కరోనా కాలమున ప్రతి దుకాణపు గల్లాపై వెలసిన సారా వాసనల సీసాలు నోరోవైరసును అంతగా చంపజాలవని, మురికి చేతిపై అవి మరింత నిష్ప్రయోజనములని కూడ ఇక్కడనే చెప్పవలెను.

ఈ నగరమునకు ప్రేవుల వ్యాధులతో పరిచయము క్రొత్తది కాదు. 1591లో చార్మినారు నిర్మాణమే ఒక మహమ్మారి శాంతించిన సందర్భమునకు గుర్తని ఒక ఐతిహ్యము. 1813 ప్రాంతమున జంటనగరములను చెరచిన ఉపద్రవమునుండియే నేటి బోనాల మొక్కుబడి పుట్టినదని మరొకటి. తెలంగాణమున కలరాను గత్తర అందురు. కోపము వచ్చినప్పుడు శత్రువుపై విసరు శాపములలో ఆ మాట ఇప్పటికిని బ్రతికియున్నది. నల్లకుంటలోని ఫీవరాసుపత్రిని వృద్ధులు కోరంటి దవాఖానా అనుచుందురు. క్వారంటైను అను పరదేశపు పదము జనుల నోట నలిగి, కోరంటి యై, పూలచెట్టు పేరువలె వినబడుచున్నది. భాష యొక్క ఈ దయను చూచి ఒక్కొక్కప్పుడు నాకు నవ్వు వచ్చును.

హుస్సేనీ ఆలమునకు చుట్టునున్న పేటల పేరులను వినుడు: దూద్ బౌలి, మూసాబౌలి. బౌలి యనగా మెట్లబావి. బావులనీరు త్రాగి పెరిగిన ఈ ప్రాంతము, 1908 సెప్టెంబరులో మూసీ వరద వేలమందిని పొట్టన పెట్టుకొన్న పిదప, ఆ వరదను అరికట్టుటకై కట్టిన జలాశయముల పుణ్యమా యని నల్లానీటికి అలవాటుపడెను. ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను ముగిసినవి. విశ్వేశ్వరయ్యగారు వరద నివారణమునకే గాక మురుగునీటి కాలువలకును ప్రణాళిక వ్రాసియిచ్చిరి. నీరు ఒక గొట్టమున వచ్చి, మురుగు మరొక గొట్టమున పోవుట నాగరకతకు లక్షణము. ఆ రెండు గొట్టములును ఒకే ఇరుకు గల్లీలో, ఒకదాని ప్రక్క నొకటి తుప్పుపట్టి పడియుండుట పాత పేటలకు శాపము.

ఆ శాపమెట్లు పని చేయునో చూడుడు. నల్లా ఇరువదినాలుగు గంటలు వచ్చుచున్నంతవరకు గొట్టములోని ఒత్తిడి మురికిని బయటనే నిలుపును. నీరు దినము విడిచి దినము, అదియు గంటో రెండుగంటలో వచ్చు చోట, తక్కిన కాలమంతయు గొట్టము ఖాళీగ నుండి, పగుళ్ళగుండ చుట్టునున్న తడిని లోనికి పీల్చుకొనును. దీనికి తోడు పాత ఇండ్లలో నీరు ఎక్కదని నేలను త్రవ్వి, గుంతలో నల్లా బిగింతురు; వాన వచ్చినను, మోరీ పొంగినను ఆ గుంత నిండును. కొందరు గొట్టమునకే మోటారు తగిలింతురు. తమ ఇంటికి నీరు గుంజుకొను ఆ మోటారు పొరుగువారి గుంతలోని మురుగునుగూడ గుంజును. 2009 మే నెల మొదటివారమున ముషీరాబాదు చెంతనున్న భోలక్‌పూర్‌లో నల్లానీట మురుగు కలియుటచేత వందలమంది వాంతిభేదులకు లోనైరి, పదిమందికి పైగా మరణించిరి. ఆ వ్యాధి కలరా. దేశమున అణువిద్యుత్తును, ఉపగ్రహములను ఎరిగిన తరము, మహానగరపు నడుబొడ్డున, ముత్తాతల కాలపు గత్తరతో చచ్చుట చూచితిమి.

పెద్ద గొట్టములను మార్చుట గృహస్థుని చేతిలో లేదు. ఇరువది లీటర్ల బిందెలో క్లోరిను మాత్ర యొకటి, అరగ్రాముది, వేసి అరగంట ఆగుట అతని చేతిలో నున్నది; మరగించుట అంతకంటె మేలు. అయితే మరగించిన నీటిలో చెంబు ముంచి, ముంచిన వ్రేళ్ళను అందులోనే కడిగిన, మరగించిన ఫలమంతయు గంగపాలు. కుళాయి బిగించిన డ్రమ్ముగాని, పొడవు కాడ గల గరిటెగాని లేని ఇంట మంచినీరు ఉదయమున మంచిదై సాయంకాలమునకు చెడును. ముహర్రము దినములలో దాహము తీర్చుటకై ఈ పేటలయందు సబీళ్ళు వెలయును. దారినపోవు ప్రతివానికి, మతము అడుగకుండ, షర్బతు పోయుదురు. అంత చల్లని పుణ్యము మరొకటి నేనెరుగను. కాని మంచుగడ్డ ఏ నీటితో చేసినదో ఆ నీటి గుణమే దానిది. గడ్డకట్టుటచేత క్రిములు నిద్రించునే గాని చావవు. షర్బతులో పడి కరిగినప్పుడు అవియు మేల్కొనును.

ఇక దేగ్ సంగతి. నిప్పు పావకుడైనను దాని పాలన సెగ ఉన్నంతసేపే. పాతబస్తీ పెండ్లిళ్ళలో వడ్డన అర్ధరాత్రికి మొదలగుట అసాధారణము కాదు. వంట మాత్రము రాత్రి ఎనిమిదికే దిగును. నూరుమందికి సరిపడు బిర్యానీ దేగ్ దించిన పిదప పైన చేయిపెట్టిన చల్లగ నుండును, నడుమ మాత్రము గంటల తరబడి గోరువెచ్చగ నిలుచును. ఆ గోరువెచ్చదనమే క్రిములకు పురిటిగది. మాంసములోను బియ్యములోను ఉండు కొన్ని క్రిములు గింజలవంటి గట్టి కవచములు తొడుగుకొని మరిగే నీటినిగూడ తట్టుకొనును. సెగ తగ్గి వెచ్చదనము మిగిలినంతనే కవచము విడిచి పెరుగుట కారంభించును. ఇరువది నిమిషముల కొకమారు రెట్టింపగు క్రిమి యొకటి ఏడు గంటలలో 20 లక్షలు దాటును. కాగితముపై పెన్సిలు పెట్టి ఎవరైనను లెక్కించుకొనవచ్చును. తెల్లవారిన పిదప మిగిలిన అన్నమును పారవేయుటకు మనసొప్పక ఇరుగుపొరుగు పిల్లలకు పంచుదురు. పంచు బుద్ధి గొప్పది; పంచు వేళ తప్పినది. దేగ్ దించినంతనే, ఇంకను పొగలు పోవుచుండగనే, మిగులునని తోచినదానిని వెడల్పైన పళ్ళెములలో రెండు మూడంగుళముల మందమున పరచి చల్లార్చి, చల్లపెట్టెలో నుంచి, మరునాడు ఆవిరి లేచునట్లు వేడిచేసి ఇచ్చిన ఆ పుణ్యము పుణ్యముగనే నిలుచును. మరల వేడిచేసిన చాలును గదా యని వాదించువారు కలరు. చాలదు. కొన్ని క్రిములు పెరుగుచు విడుచు విషము, ముఖ్యముగ వంటవాని వ్రేలిమీది చీముపుండునుండి వచ్చునది, ఎంత కాచినను చెడదు. క్రిమి చచ్చును, విషము నిలుచును.

హలీము ఈ పరీక్షలో మొదటి మార్కులతో నెగ్గును. గోధుమయు మాంసమును గంటలకొలది ఉడికి, గోట్నీలను రోకళ్ళక్రింద నలిగి, భట్టీమీదనుండియే నేరుగ గిన్నెలోనికి వచ్చును. 60 డిగ్రీలకు పైన నిలిచిన ఆహారములో క్రిములు పెరుగలేవు, హలీము భట్టీ అంతకు మించిన వేడిలోనే యుండును. దానిపై చల్లు పుదీనా, నిమ్మరసము, కొత్తిమీరలదే మరల పాత కథ. మయోన్నైసుది అంతకంటె విచారకరమైన కథ. నూనెను పచ్చిగుడ్డుతో గిలకొట్టి చేయు ఆ తెల్లని లేహ్యము షవర్మాలతోను, మందీ పళ్ళెములతోను నగరమంతట ప్రవేశించినది. అది పుట్టుకతోనే నిప్పు ఎరుగనిది; గుడ్డునంటియుండు సాల్మొనెల్లాకు అందులో అడ్డు చెప్పువాడు లేడు. నగరములో మోమోలు తిని ఒక స్త్రీ మరణించి, పలువురు ఆసుపత్రుల పాలైన పిదప, 2024 అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వము పచ్చిగుడ్ల మయోన్నైసును ఏడాదిపాటు నిషేధించెను.

వంట చేయు చేయి వ్యాధి మోయుచు, మోయుచున్నట్లు తానే యెరుగకపోవుట సంభవమా? టైఫాయిడ్ విషయమున మిక్కిలి సంభవము. జ్వరము తగ్గి, బలము పుంజుకొని, పనిలో చేరిన కొందరి పిత్తాశయములో ఆ క్రిమి ఏండ్ల తరబడి కాపురముండును. న్యూయార్కులో మేరీ మాలన్ అను వంటలక్క 1906 వేసవిలో ఒక సంపన్న గృహమున వండుచుండగా ఆ ఇంట ఆరుగురికి టైఫాయిడ్ వచ్చెను. జార్జి సోపరను పరిశోధకుడు ఆమె పూర్వము పనిచేసిన ఇండ్లను వెదకి చూడగా దాదాపు ప్రతియింట ఇదే వరుస. ఆమె వండిన వేడి వంటకములు కావు అపరాధులు. పచ్చి పీచు పండ్లను కోసి కలిపిన ఐస్‌క్రీము వెంట రోగము పోయియుండునని సోపరు ఊహించెను. నిప్పు దాటిన పిమ్మట చేయి! ఆమెను ఒక దీవిలో నిర్బంధించి, 1910లో, ఇక వంట చేయనని మాట పుచ్చుకొని విడిచిరి. వేరు పనికి వేతనము చాలక పేరు మార్చుకొని ఆమె మరల వంటకే చేరెను. 1915లో ఒక ప్రసూతి ఆసుపత్రిలో ఇరువదియైదుగురికి జ్వరము వచ్చిన పిదప మరల పట్టుబడి, 1938లో మరణించువరకు ఆ దీవిలోనే గడపెను. ఆమెను రాక్షసిగ చిత్రించిన పత్రికలతో నేను ఏకీభవింపను. తనకెన్నడు జ్వరమే రాలేదని నమ్మిన ఒక కూలిమనిషికి, బ్రతుకుతెరువు తీసివేసి, బదులుగా ఏమియు ఇయ్యని సంఘము ఏ మాట పుచ్చుకొన్న నిలుచును?

ఈ ప్రశ్న హుస్సేనీ ఆలము హోటళ్ళకును వర్తించును. 2006 నాటి ఆహార భద్రతా చట్టమును అనుసరించి 2011లో వచ్చిన నిబంధనల ప్రకారము, ఆహారమును తాకి పనిచేయు ప్రతివానికి సంవత్సరమున కొకమారు వైద్యపరీక్ష జరుగవలెను, టైఫాయిడ్ మొదలగు ప్రేవుల జ్వరములకు టీకా వేయింపవలెను; విరేచనములు, కామెరలు, చేతులపై పుండ్లు కలవానిని వంటశాలలోనికి రానీయరాదు. కాగితముపై ఇంతకంటె చక్కని శాసనము లేదు. దినకూలికి పనిచేయు కుర్రవానికి తెల్లవారుజామున మూడుమార్లు కడుపు జారినది. యజమానికి చెప్పిన ఆనాటి కూలి పోవును, చెప్పకున్న ఎవరికిని తెలియదు. అతడేమి చేయును? విరేచనములు ఆగిన పిదప గూడ రెండు పూర్తి దినములు, అనగా 48 గంటలు, చేయి ఆహారము చెంతకు పోరాదని వైద్యులందురు. ఆ రెండు దినముల కూలిని యజమాని చెల్లించుట ఏ టీకాకంటెను, ఏ తనిఖీకంటెను చవుక యని నా అభిప్రాయము. కూలి కోత భయమున్నంతకాలము గోడపై వ్రేలాడు ధ్రువపత్రము గోడకే రక్షణ.

హోటలులో వండునది ఒక చేయి, వడ్డించునది మరొకటి, కడుగునది వేరొకటి. పసిపిల్లలను చూచుకొను చోట అన్నియు ఒకే చేయి. పాతబస్తీలో అంగన్‌వాడీలు పెక్కు అద్దెగదులలోనే నడచును. 1975 అక్టోబరు 2న దేశమున ఆరంభమైన ఆ పథకము పుణ్యమున మూడునుండి ఆరేండ్ల బిడ్డలకు అన్నము, పప్పు, గుడ్డు దొరకుచున్నవి. ఆయా యొక్కతె బిడ్డ ముక్కు తుడుచును, లాగు మార్చును, ముడ్డి కడుగును, గుడ్డు ఒలుచును, ముద్ద కలిపి నోటికిచ్చును. అంగన్‌వాడీ లేని చోట ఎవరో ఒక అవ్వ నలుగురు పిల్లలను నెలకింతయని చూచుకొనును. అదియు లేని ఇంట ఎనిమిదేండ్ల అక్క చంకలో తమ్ముడుండును. వీరందరికిని ఒక నమ్మకము: పసిబిడ్డ మలము మలమే కాదు, పాలు త్రాగు బిడ్డది ఏమంటునని. ఇంతకంటె అపాయకరమైన వాత్సల్యము లేదు. రోగముతోనున్న పసిబిడ్డ విడుచు మలములో రోటావైరసు కణములు కోట్లకొలదిగ నుండును. అవి బొమ్మలమీద, చాపమీద, తలుపు గడియమీద దినముల తరబడి జీవించును. విరేచనము చూచి "పండ్లు వచ్చుచున్నవి" అని సరిపెట్టుకొను తల్లి తెలిసికొనవలసినది, పండ్లు వచ్చు వయస్సే కనబడిన ప్రతివస్తువును నోట బెట్టుకొను వయస్సు గూడ నని.

శిశుశాలలలో ఈ వైరసు వ్యాపించుటనుండియే దాని మందు పుట్టినదన్నచో వింతగ తోచును. 1980ల నడుమ ఢిల్లీలోని అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థ ప్రసూతివార్డులో అప్పుడే పుట్టిన శిశువులకు రోటావైరసు సోకెను; సోకినను వారిలో వ్యాధిలక్షణములు కనబడలేదు. ఆ సాధువైన వైరసును డాక్టరు మహారాజ్ కిషన్ భాన్ మొదలగువారు వేరుపరచి పరిశీలించిరి. దానికి 116ఇ అని పేరు. హైదరాబాదు నగరపు పొలిమేరలలోని జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ సంస్థ దానినే టీకాగ మలచి, రోటావాక్ అను పేర 2015 మార్చిలో దేశమున ప్రవేశపెట్టెను. 2016లో సార్వత్రిక టీకా కార్యక్రమమున చేర్చుకొన్న మొదటి నాలుగు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. తెలంగాణమునకు 2019లో వచ్చినది. ఆరవ, పదవ, పదునాలుగవ వారములలో నోటిలో ఐదేసి చుక్కలు; సూదిబాధ లేదు, ఖర్చు లేదు. తీవ్రమైన రోటా విరేచనములలో సగమునకు పైగ దీనిచేత తప్పును. తక్కిన సగమునకును, తక్కిన క్రిములన్నిటికిని, మరల ఆయా చేతులే దిక్కు.

అట్టి ఒక అంగన్‌వాడీ గదిలో, చాపమీద పదునైదుగురు పిల్లలు తెలుగు, ఉర్దూ కలగలిపి గోలచేయుచుండగా, చేతులు కడుగుట గూర్చి నేను ఉపన్యాసధోరణి మొదలిడితిని. ఆయా నడుమనే ఆపినది.

"సబ్బు ఉన్నది సార్. నల్లానే దినం తప్పి దినం వస్తది. ఉన్న డ్రమ్ము నీళ్లతోని అన్నం వండాల్నా, ఈ పోరగాళ్ల చేతులు కడగాల్నా? మీరే చెప్పున్రి."

నేను చెప్పలేకపోతిని. పిదప ఇద్దరమును కూర్చుండి లెక్క వేసితిమి. సన్నని ధారతో ఒక బిడ్డ చేతులకు అరలోటా కంటె పట్టదు. తినుటకు ముందొకమారు, దొడ్డికి పోయివచ్చిన పిదప నొకమారు, పదునైదుగురికి కలిపి ఒక బిందె చాలును. చాలనిది తొట్టి. తొట్టిలో అందరును చేతులు ముంచిన, మొదటివాని మురికి పదునైదవవానికి ప్రసాదమగును. అందరును తుడుచుకొను ఒకే తువ్వాలు సంగతియు అంతే, గాలికి ఆరనిచ్చుటయే మేలు. లాగులు మార్చు చోటు ఒక మూల, అన్నము పెట్టు చోటు ఆ వైపు మూల. ఈ మూలనుండి ఆ మూలకు పోవు దారిలో సబ్బు. ఏ బిడ్డయైన చాపమీద వాంతి చేసికొన్నచో ఒకపాలు బ్లీచింగు ద్రవమునకు ఏబదిపాళ్ళ నీరు కలిపి తుడిచి, కొంతసేపు అట్లే విడువవలెను. విరేచనములతోనున్న బిడ్డను ఆగిన పిదప రెండు దినములవరకు పంపరాదని తల్లికి చెప్పుట అన్నిటికంటె కష్టమని ఆయా అనెను. ఆ తల్లి గాజులకు రాళ్ళు అతికించు పనిమనిషి. బిడ్డ ఇంటనున్న ఆమె కూలియు పోవును. హోటలు కుర్రవాని కథయే ఇచట చీర కట్టుకొని వచ్చినది.

వ్యాధి వచ్చిన బిడ్డకు నీరు, పాలు ఆపుట మన ఇండ్లలో నేటికిని గల పాత పొరపాటు. విరేచనములలో చంపునది క్రిమికంటె ముందు నీటి కొరత. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలమున బనగాఁవ్ శరణార్థి శిబిరములో కలరా చెలరేగి, సిరలకెక్కించు సెలైను నిండుకొన్నప్పుడు, డాక్టరు దిలీప్ మహలనబీస్ చక్కెర, ఉప్పు కలిపిన నీటిని డ్రమ్ములలో నింపి, రోగుల బంధువులచేతనే త్రాగించి, నూటికి ముప్పదిగ నున్న మరణములను నాలుగింటి లోపునకు దించెను. నేడు అదియే ఓఆర్‌ఎస్ పొట్లము. పెద్ద పొట్లము నొకదానిని లీటరు నీటిలో కలిపి, గుటకగుటకగ పట్టి, ఇరువదినాలుగు గంటలు దాటిన పారబోయవలెను. పొట్లము దొరకనిచో లీటరు మరగించిన నీటిలో ఆరు సమపు టీచెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, ఉప్పు మించరాదు. దీనితో పదునాలుగు దినములు జింకు మాత్ర, ఆరునెలలు నిండినవారికి దినమునకు ఇరువది మిల్లీగ్రాములు, చిన్నవారికి అందులో సగము. తల్లిపాలు ఆపకూడదు. కన్నులు లోతుకు పోయినను, మూత్రము నిలిచినను, మలములో నెత్తురు కనబడినను, బిడ్డ త్రాగలేక మత్తుగ పడియున్నను ఇంటివైద్యము అక్కడితో చాలించి ఆసుపత్రికి పరుగెత్తవలెను.

కొన్ని వారములకు మరల ఆ గదికి పోతిని. గడప ప్రక్క రెండు ఇటుకలపై నీలిరంగు డ్రమ్ము, పిల్లల నడుమెత్తున దానికొక ప్లాస్టిక్ కుళాయి. చిరిగిన మేజోటిలో సబ్బుముక్క వేసి కుళాయికే కట్టియున్నది, జారిపోకుండ, ఎవరును ఎత్తుకొనిపోకుండ. ఆయా గుడ్లు ఒలుచుచు తల ఎత్తలేదు. నాలుగేండ్ల పాప యొకతె మేజోటిని రెండుచేతులతో నలుపుచు గట్టిగ లెక్కించుచుండెను: ఏక్, దో, తీన్... ఇరువదివరకు లెక్కింపుమని ఆయా నియమము. పాపకు పదివరకే వచ్చును. పది ముగిసినంతనే ఆయా వైపు చూచి, ఆమె కనుసైగ చేయగా, మరల ఏక్‌నుండి మొదలుపెట్టినది.